ఎవరి కోసం ఎవరు ఆగాలి: మీమాంసా దృష్టిలో సాఫ్ట్‌వేర్ విడుదల క్రమం

ఒకదాని మీద ఆధారపడి మరొకటి నిలిచి ఉన్నప్పుడు, ఆ రెండింటినీ ఒకే కాలంలో లోకానికి అందించవలసి వస్తే ఏది ముందు నడవాలి, ఏది దేని కోసం ఆగాలి, ఆగకపోతే ఎవరు ఎవరికి ఋణపడతారు అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలలో అన్నిటికంటె నిశితంగా పరిశీలించినది పూర్వమీమాంస. ఆత్మ స్వరూపం ఏమిటి, జగత్తు సత్యమా కాదా అన్న విచారణను వేదాంతం తన ముందు పెట్టుకోగా, చేయవలసిన పనిలో ఏది ప్రధానం, ఏది అంగం, ఏది ముందు, ఏది వెనుక అన్న విచారణకే జైమిని సూత్రాల పన్నెండు అధ్యాయాలలో అధికభాగం వినియోగమైంది. మూడవ అధ్యాయం ఏది దేని కోసం ఉన్నదన్న శేషశేషిభావాన్ని, అయిదవది క్రమాన్ని, ఆరవది అధికారాన్ని, ఏడవ ఎనిమిదవ అధ్యాయాలు అతిదేశాన్ని, తొమ్మిదవది ఊహను, పదవది బాధను, పదకొండవది తంత్రాన్ని చర్చిస్తాయి. యజ్ఞశాలలో పుట్టిన ఈ విచారణ యజ్ఞశాలకే పరిమితం కాదని ధర్మశాస్త్ర నిబంధనకారులు ఏనాడో గుర్తించి, దాయవిభాగం వంటి లౌకిక వ్యవహారాల నిర్ణయంలో మీమాంసా న్యాయాలను వాడుకున్నారు. కనుక అనేకమంది కలిసి నిర్ణీత కాలానికి పూర్తి చేయవలసిన నేటి సమష్టి కర్మలలో ఒకటైన సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి అదే విచారణను అన్వయించి చూడడం ఆ శాస్త్రానికి అలవాటు లేని పని కాదు.

ఇక్కడ విచారణకు తీసుకుంటున్న విషయం లైబ్రరీకీ, దాని బైండింగులకూ విడుదల కాలాన్ని కుదర్చడం. లైబ్రరీ అంటే తెర మీద బొత్తాం గీయడం, అక్షరాలు చూపించడం, ఫైలు తెరవడం వంటి పనులను ప్రతి ప్రోగ్రామరూ మొదటి నుంచి రాసుకోనక్కర లేకుండా ఒకచోట కూర్చి పెట్టిన కోడు. ఆ లైబ్రరీ సి భాషలో ఉండి, దానిని వాడదలచినవారు పైథాన్‌లోనో జావాలోనో రాస్తున్నప్పుడు, ఆ రెండు భాషల నడుమ దుబాసీగా నిలిచే కోడును బైండింగు అంటారు. లైబ్రరీ మారితే బైండింగు మారక తప్పదు. లైబ్రరీ ఒక రూపానికి వచ్చి నిలిస్తే తప్ప బైండింగు నిలవదు. అయినా పైథాన్‌లో రాసేవారికి లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చిందన్న కబురు, దాని బైండింగు వచ్చేదాకా కబురుగానే మిగిలిపోతుంది. గింప్ అనే చిత్రసంపాదక సాఫ్ట్‌వేర్ కోసం పుట్టి, 1997లో మొదలైన గ్నోమ్ అనే స్వేచ్ఛా డెస్క్‌టాప్‌కు పునాదిగా మారిన జీటీకే లైబ్రరీ దీనికి చక్కని ఉదాహరణ. అది సి భాషలో ఉంది. సి++ కు జీటీకేఎంఎం, పైథాన్‌కు ఒకప్పుడు పైజీటీకే, ఇప్పుడు పైజీఆబ్జెక్ట్, ఇంకా పెర్ల్, జావా వంటి భాషలకు వేర్వేరు బైండింగులు వేర్వేరు బృందాల చేతుల్లో పెరిగాయి.

బైండింగు అసలు ఏ జాతి వస్తువు అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఎవరు ఎవరి కోసం ఆగాలన్న నిర్ణయం ఆ జాతినిర్ణయం మీదనే ఆధారపడుతుంది. పైపై చూపుకు బైండింగు లైబ్రరీకి అంగం లాగా కనిపిస్తుంది. అంగం అంటే మరొకదాని ప్రయోజనం కోసమే ఉండేది, అమావాస్య, పూర్ణిమలనాడు చేసే దర్శపూర్ణమాస యాగాలకు ప్రయాజలనే అయిదు ఆహుతుల వంటిది. కాని ఈ అభిప్రాయం నిలవదు. ప్రయాజలు లేనిదే దర్శపూర్ణమాసాలు సాంగం కావు. పైథాన్ బైండింగు లేకపోయినా జీటీకే జీటీకేగానే ఉంటుంది, సి లో రాసేవారికి దానిలో ఏ లోటూ కనిపించదు. బైండింగు అంగం కాదు, వికృతి. మీమాంసలో ప్రకృతి అంటే అంగాలన్నీ పూర్తిగా ఉపదేశింపబడిన యాగం. వికృతి అంటే కొన్ని ప్రత్యేక విషయాలు మాత్రమే చెప్పి, తక్కినదంతా ప్రకృతి నుంచి తెచ్చుకొమ్మన్న యాగం. అలా తెచ్చుకోవడానికే అతిదేశం అని పేరు. ఆగ్నేయయాగం ప్రకృతి అయితే సూర్యుడికి చరువు సమర్పించే సౌర్యయాగం దానికి వికృతి; దానికి తన దేవత వేరు, తన ఫలం వేరు, విధానం మాత్రం ఎరువు తెచ్చుకున్నది. పైథాన్ బైండింగు సంగతీ ఇంతే: పనులన్నీ లైబ్రరీవి, వాటిని పొందేవారు మాత్రం వేరు.

తెచ్చుకున్నది ఉన్నదున్నట్టు పనికిరాదు. సౌర్యయాగంలో ధాన్యాన్ని తీసే నిర్వాపమంత్రంలోని అగ్ని శబ్దం స్థానంలో సూర్య శబ్దం చేర్చాలి; ఈ మార్పుకు ఊహ అని పేరు. అదే మంత్రంలో సవిత, అశ్వినులు, పూషుడు కూడా కనిపిస్తారు గాని, వారు ఆ కర్మలో హవిస్సు అందుకొనే దేవతలు కారు కనుక ఆ పేర్లను మార్చరాదని తొమ్మిదవ అధ్యాయం నిర్ణయిస్తుంది. ఇక కొన్ని పనులు మారడం కాదు, పూర్తిగా తప్పుకుంటాయి: కృష్ణలాలనే చిన్న బంగారు తునకలతో చరువు చేయమన్న చోట ధాన్యానికి చెప్పిన దంపుడు అక్కరలేదు, ఎందుకంటే బంగారానికి పొట్టు లేదు. ప్రయోజనం లోపించినందువల్ల అంగం తొలగిపోవడాన్ని బాధ అంటారు. బైండింగు రాసేవారి రోజువారీ పని ఈ మూడు నిర్ణయాల చుట్టూనే తిరుగుతుంది. సి లో పిలుపు విఫలమైతే ఆ సంగతి జీఎర్రర్ అనే ప్రత్యేక నిర్మాణం ద్వారా బయటికి వస్తుంది. పైథాన్‌లో అదే సంగతి ఎక్సెప్షన్‌గా రావాలి, ఇది ఊహ. సి లో వస్తువును వాడుకునేటప్పుడు దానిని ఎందరు పట్టుకుని ఉన్నారో తెలిపే రెఫరెన్సు లెక్కను చేత్తో పెంచి, పని ముగిశాక తగ్గించాలి. పైథాన్ ఆ లెక్కను తానే చూసుకుంటుంది కనుక ఆ రెండు పిలుపులూ బైండింగులో కనిపించవు, ఇది బాధ. జీటీకే_లేబుల్_సెట్_టెక్స్ట్ అన్న ఫంక్షన్ పైథాన్‌లోకి వచ్చినప్పుడు ముందున్న జీటీకే_లేబుల్ అన్న భాగం రాలిపోయినా సెట్_టెక్స్ట్ అన్న పేరు అలాగే నిలుస్తుంది. దానిని అందంగా మార్చాలన్న ఉబలాటం బైండింగు రచయితకు కలిగితే, లైబ్రరీ పత్రాలు చదివి వచ్చినవారు దారి తప్పుతారు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ముందే ప్రతిజ్ఞ చేసి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి మెదకు ప్రాంతపు కొల్చారం వాడని ప్రతీతి; బైండింగు రచయితకు అంతకంటె తగిన గురువు దొరకడం కష్టం.

అయితే వ్యాఖ్యాత ఎంత నిష్ఠాపరుడైనా మూలం చెప్పకుండా వదిలేసిన దానిని ఊహించుకోవలసి వస్తే పొరపడతాడు. దీనిని రెండు ఫంక్షన్లలో దగ్గరగా చూడవచ్చు. జీటీకే_లేబుల్_గెట్_టెక్స్ట్ అన్న ఫంక్షన్ లేబులు మీద ఉన్న పాఠాన్ని ఇస్తుంది. జీటీకే_ఎడిటబుల్_గెట్_ఛార్స్ అన్నది రాతపెట్టెలో ఉన్న పాఠాన్ని ఇస్తుంది. రెండూ ఇచ్చేవి అక్షరాల వరుసలే. కాని మొదటి దానిలో ఆ అక్షరాలున్న మెమరీ లేబులు సొత్తు, పిలిచినవారు దానిని చూడవచ్చు గాని వదిలించరాదు. రెండవ దానిలో కొత్తగా ప్రతి తీసి పిలిచినవారి చేతిలో పెడతారు, పని ముగిశాక దానిని వదిలించవలసిన బాధ్యత పిలిచినవారిదే. మొదటిదానిని బైండింగు వదిలించిందా, ప్రోగ్రాము కుప్పకూలుతుంది. రెండవదానిని వదిలించలేదా, ప్రోగ్రాము నడుస్తున్నకొద్దీ మెమరీ తరిగిపోతూ ఉంటుంది. ఎవరిది ఏ సొత్తు అన్న ఈ సంగతిని నమ్మకంగా చెప్పే సామర్థ్యం సి భాషలోని ఫంక్షన్ ప్రకటనకు లేదు. అది చాలాకాలం లైబ్రరీ రాసినవారి మనసులోనూ, పత్రాలలోని ఒకటి రెండు వాక్యాలలోనూ మాత్రమే ఉండేది. ప్రతి బైండింగు బృందమూ ఆ వాక్యాలను వెతికి, చదివి, తన భాషకు తాను విడిగా అన్వయించుకునేది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ బైండింగులు నెలల తరబడి వెనుకబడడానికి బైండింగు రచయితల అలసత్వం కంటె ఈ అసంపూర్ణ ఉపదేశమే పెద్ద కారణం.

అంగాలన్నిటినీ పూర్తిగా చెప్పినదే ప్రకృతి అన్న మీమాంసకుల నిర్వచనంలోని లోతు ఇక్కడ తెలుస్తుంది. ఆ నిర్వచనంలో ప్రకృతి గొప్పది, వికృతి తక్కువది అన్న మాట లేదు. ముందు పుట్టింది, వెనుక పుట్టింది అన్న మాటా లేదు. ఉపదేశం సంపూర్ణంగా ఉండడమే లక్షణం. తనను తాను పూర్తిగా చెప్పుకోని లైబ్రరీ ఎంత ప్రసిద్ధమైనదైనా ప్రకృతి అనిపించుకునే అర్హతను ఇంకా సంపాదించలేదు. గ్నోమ్ బృందం ఈ లోటును జీఆబ్జెక్ట్ ఇంట్రాస్పెక్షన్ అనే ఏర్పాటుతో తీర్చింది. ప్రతి ఫంక్షన్ పక్కన రాసే వివరణలో, ఇచ్చే విలువ సొత్తు బదిలీ అవుతుందో లేదో తెలిపే ట్రాన్స్‌ఫర్ ఫుల్, ట్రాన్స్‌ఫర్ నన్ వంటి గుర్తులను లైబ్రరీ రచయితలే ఉంచుతారు; వాటి నుంచి యంత్రం చదవగలిగే ఒక వర్ణన ఫైలు తయారవుతుంది; పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి భాషల బైండింగులు ప్రోగ్రాము నడిచే సమయంలోనే ఆ ఫైలును చదువుకుని పని జరిపిస్తాయి. ఒక్కసారి చేసిన అంగం అనేక ప్రధానాలకు ఉపకరించడాన్ని పదకొండవ అధ్యాయం తంత్రం అంటుంది. ప్రయాజలు ఒక్కసారి జరిగితే చాలు, పూర్ణిమనాటి ప్రధానయాగాలన్నిటికీ అవి ఉపకరిస్తాయి. భాష భాషకూ విడివిడిగా ఆవృత్తి అవుతూ వచ్చిన పని ఈ వర్ణన ఫైలుతో తంత్రంగా మారింది. ఏప్రిల్ 2011లో గ్నోమ్ 3 వచ్చేనాటికి పైథాన్ ప్రపంచం ఈ దారికి మళ్లింది. చేత్తో మలిచిన పైజీటీకేకు ఆ తర్వాత కొత్త ప్రధాన వెర్షన్ రాలేదు.

వర్ణన పూర్తి అయినంత మాత్రాన కాలం ప్రశ్న తీరదు. సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. అనుకున్న సౌకర్యాలన్నీ సిద్ధమయ్యాకనే విడుదల చేయడం ఒకటి. ఏ నెలలో విడుదల అన్నది ముందే నిర్ణయించి, అప్పటికి సిద్ధమైన వాటితోనే విడుదల చేసి, సిద్ధం కానివాటిని తరువాతి విడుదలకు వదలడం రెండవది. గ్నోమ్ మొదట మొదటి పద్ధతిలోనే నడిచింది. జూన్ 2002లో వెర్షన్ 2.0 వచ్చిన తరువాత రెండవ పద్ధతికి మారి, ఫిబ్రవరి 2003లో 2.2, సెప్టెంబర్ 2003లో 2.4, మార్చి 2004లో 2.6 విడుదల చేసింది. ఆరునెలలకొక విడుదల అన్న ఆ నియమం, మార్చి, సెప్టెంబర్ నెలలు గురుతుగా, స్థిరపడిపోయింది.

ఈ రెండు పద్ధతుల భేదం ఆరవ అధ్యాయం మూడవ పాదంలో చర్చకు వచ్చిన నిత్య కామ్య భేదమే. కామ్యకర్మ అంటే ఒక ఫలాన్ని కోరి చేసేది. అందులో ఒక్క అంగం తగ్గినా ఫలం రాదు, కనుక అన్నీ సమకూర్చుకోగలిగినవారే దానికి పూనుకోవాలి. నిత్యకర్మకు కాలమే నిమిత్తం. అమావాస్య వచ్చినప్పుడు దర్శ చేయాలి, పూర్ణిమ వచ్చినప్పుడు పూర్ణమాసం చేయాలి, ఏదైనా అంగం సమకూడకపోతే శక్తి ఉన్నంతమేర చేయాలి గాని కర్మను మానరాదు. చంద్రుడు యజమాని సన్నాహం కోసం ఆగడు. సౌకర్యాల కోసం ఆగే విడుదల కామ్యం. తేదీకి కట్టుబడే విడుదల నిత్యం. కామ్యపద్ధతిలో ఒక సౌకర్యం ఆలస్యమైతే తక్కినవన్నీ దానితో పాటు ఆగుతాయి, ఆగిన కాలంలో మరో రెండు సౌకర్యాలు చేర్చాలన్న ఆశ పుడుతుంది, ఆ ఆశ వల్ల ఇంకా ఆలస్యం. నిత్యపద్ధతిలో ఈ బండి తప్పితే ఆరునెలలకు మరో బండి ఉన్నదన్న ధైర్యం ఉంటుంది గనుక ఎవరూ పచ్చికాయను బలవంతంగా మాగబెట్టరు.

ఇక్కడ ఒక పూర్వపక్షం తలెత్తుతుంది. నిత్యకర్మలో అంగలోపం క్షమింపదగినదైతే, బైండింగులు సిద్ధం కాలేదన్న కారణంతో లైబ్రరీ విడుదలను ఆపనక్కర లేదు. ఆపనక్కర లేనప్పుడు వాటి గురించి ఆలోచించనూ అక్కర లేదు. లైబ్రరీ తన దారిన తాను పోవచ్చు, బైండింగులు తమ ఓపిక కొద్దీ వెంట రావచ్చు. ఈ వాదంలో మొదటి సగం నిజం. బైండింగు వికృతి అని ముందే తేలింది. వికృతి జరగలేదని ప్రకృతిని ఎవరూ ఆపరు. పైగా అన్ని భాషల బైండింగుల కోసం లైబ్రరీ ఆగవలసి వస్తే, అందరికంటె నెమ్మదిగా నడిచే బృందమే అందరి కాలాన్నీ నిర్ణయిస్తుంది, అది ఎవరికీ మేలు కాదు. కాని ఆగనక్కర లేదు కనుక ఆలోచించనక్కర లేదన్న రెండవ సగం తప్పు, ఆ తప్పు శేషశేషిభావాన్ని సగమే చదవడం వల్ల వచ్చింది.

మూడవ అధ్యాయం ఆరంభంలో బాదరి అనే ఆచార్యుడి మతం కనిపిస్తుంది: ద్రవ్యం, గుణం, సంస్కారం, ఈ మూడే శేషాలు, అంటే మరొకదాని కోసం ఉండేవి. జైమిని అక్కడ ఆగలేదు. కర్మ కూడా శేషమే, ఎందుకంటే అది ఫలం కోసం. ఫలమూ శేషమే, ఎందుకంటే అది పురుషుడి కోసం. పురుషుడూ శేషమే, ఎందుకంటే కర్మ చేయడానికి అతడు కావాలి. తాను ఎవరికీ శేషం కాకుండా అందరికీ శేషిగా నిలిచిపోయే స్థానం ఈ వరుసలో ఎవరికీ దక్కదు. మీమాంస మొత్తంలో ఇంతకంటె విశాలమైన మాట మరొకటి లేదని చెప్పవచ్చు. లైబ్రరీ బైండింగుకు మూలమన్నది ఎంత నిజమో, లైబ్రరీ ప్రోగ్రాముల కోసం, ప్రోగ్రాములు వాడుకరుల కోసం అన్నదీ అంతే నిజం. పైథాన్‌లో రాసే వేలమందికి లైబ్రరీ చేరేది బైండింగు ద్వారానే గనుక, ఆ మేరకు లైబ్రరీయే బైండింగుకు శేషం. స్వతంత్రంగా కనిపించేది కూడా ఇంకొకరి కోసమే ఉన్నదని ఒప్పుకున్నాక, దానికి ఋణం లేదనడం కుదరదు. మిగిలిన ప్రశ్న ఆ ఋణం ఏ రూపంలో ఉంటుందన్నదే.

ఈ ప్రశ్నకు అయిదవ అధ్యాయంలోని ఒక చర్చ నేరుగా సమాధానం ఇస్తుంది. వాజపేయయాగంలో ప్రజాపతి దేవతగా పదిహేడు పశువులు విహితాలు. వాటిలో ప్రతి ఒక్కదానికీ ఉపాకరణం, అంటే మంత్రపూర్వకంగా స్పృశించి ఎంపిక చేయడం, ఆపై నియోజనం, అంటే యూపానికి కట్టడం, ఇంకా అనేక సంస్కారాలు జరగాలి. ఒక పశువుకు అన్ని సంస్కారాలూ ముగించి, అప్పుడు రెండవ దానిని పట్టుకోవడం ఒక పద్ధతి. దీనిని కాండానుసమయం అంటారు. పదిహేడింటికీ మొదటి సంస్కారం జరిపి, తరువాత పదిహేడింటికీ రెండవ సంస్కారం జరపడం మరొక పద్ధతి, ఇది పదార్థానుసమయం. ఈ సందర్భంలో సిద్ధాంతం పదార్థానుసమయం వైపే నిలిచింది, ఎందుకంటే ఆ పదిహేడూ కలిసి ఒకే ప్రయోగంగా జరగాలని విధి. అప్పుడు ప్రతి పశువు విషయంలోనూ ఒక సంస్కారానికీ తరువాతి దానికీ నడుమ, తక్కిన పదహారు పశువుల వంతు నడిచే పదహారు క్షణాల ఎడం పడుతుంది. ఆ పదహారు క్షణాల ఎడాన్ని శాస్త్రం ఒప్పుకుంది, కలిసి చేయమన్న మాటలోనే ఆ ఎడానికి అనుమతి ఉంది కనుక. పదిహేడవ క్షణానికి మాత్రం అనుమతి లేదు. అందుకే మొదటి సంస్కారం ఏ పశువుతో మొదలైందో రెండవదీ దానితోనే మొదలు కావాలని, వరుస తప్పితే ఒకదానికి ఎడం పెరిగి మరొకదానికి తగ్గుతుందని మీమాంసకులు లెక్క కట్టారు. దీనికి ప్రవృత్తిక్రమం అని పేరు. బలమైన కారణం ఉన్న చోట కాండానుసమయాన్నీ శాస్త్రం ఒప్పుకుంటుంది గాని, కలిసి చేస్తామన్నవారికి సహజమైన దారి ఇదే.

ఆలస్యాన్ని గురించి ఇంత సున్నితంగా ఆలోచించిన చర్చ అరుదు. కలిసి నడవదలచిన చోట ప్రతి ఒక్కరూ కొంత ఆగక తప్పదు; ఆ ఆగడం అందరికీ సమానంగా పంచబడాలి; కలిసి నడవడం వల్ల వచ్చిన ఆలస్యం మాత్రమే న్యాయమైనది, దానికి మించినది అన్యాయం.

లైబ్రరీని అన్ని విధాలా ముగించి విడుదల చేసిన తరువాతనే బైండింగు పని మొదలుపెట్టడం కాండానుసమయం. ఆ పద్ధతిలో లైబ్రరీకి ఎడం సున్న, మొదటి బైండింగుకు కొన్ని నెలలు, ఆ బైండింగు మీద ఆధారపడిన ప్రోగ్రాములకు ఇంకా ఎక్కువ. భారమంతా వరుస చివర నిలబడినవారి మీదనే పడుతుంది. గ్నోమ్ ఆరునెలల చక్రం దీనిని పదార్థానుసమయంగా మార్చింది. విడుదలకు కొన్ని వారాల ముందు ఒక రోజున ఏపీఐ ఫ్రీజ్ వస్తుంది. ఏపీఐ అంటే బయటివారు పిలవదగిన ఫంక్షన్ల పేర్లు, అవి తీసుకొనే విలువలు, తిరిగి ఇచ్చే విలువలు, వీటి సముదాయం. ఫ్రీజ్ అంటే ఆ రోజు నుంచి వాటిని కదపకూడదన్న కట్టడి. తెరమీది రూపానికి, అక్షరాలకు, చివరకు మొత్తం కోడుకు కూడా ఫ్రీజ్‌లు వస్తాయి. అందరూ ఒకే రోజున మొదటి మెట్టు, ఒకే రోజున రెండవ మెట్టు ఎక్కుతారు. ఏపీఐ ఫ్రీజ్‌కూ విడుదలకూ నడుమ ఉన్న వారాలలో లైబ్రరీ రచయితలు లోపాలు సరిచేసుకుంటూ ఉంటే, బైండింగు రచయితలు కదలని లక్ష్యం మీద తమ పని చేసుకుంటారు. గ్నోమ్ కొంతకాలం ప్లాట్‌ఫార్మ్ బైండింగ్స్ అన్న పేరుతో కొన్ని భాషల బైండింగులను ఒక ప్రత్యేక సముదాయంగా తన విడుదలలోనే చేర్చి, వాటిని కూడా అదే కాలపట్టికకు కట్టుబడమన్నది.

దీనినిబట్టి లైబ్రరీ తన బైండింగులకు పడిన ఋణం విడుదల తేదీలో కాక ఫ్రీజ్ తేదీలో ఉన్నదని తేలుతుంది. బైండింగుల కోసం లైబ్రరీ ఆగనక్కర లేదు, నిశ్చలంగా ఉండాలి. ఆగడం వేరు, నిశ్చలంగా ఉండడం వేరు. ఆగినవారు కాలం కోల్పోతారు. చెప్పిన రోజున తన రూపాన్ని స్థిరపరచి, ఆ తరువాత దానిని కదపకుండా తన పని తాను చేసుకుపోయేవారు ఏమీ కోల్పోరు, ఎదుటివారికి మాత్రం కాలాన్ని ఇచ్చినవారవుతారు. ఫ్రీజ్ దాటిన తరువాత ఒక్క ఫంక్షన్ పేరు మార్చినా, ఒక్క ట్రాన్స్‌ఫర్ గుర్తును తారుమారు చేసినా, అది సాంకేతికంగా చిన్న మార్పే కావచ్చు గాని, పదహారు క్షణాలు అనుకుని నిలబడినవారికి పదిహేడవ క్షణాన్ని అంటగట్టడమే.

ఎడం ఎంత పెరగగలదో, ఎంత తగ్గగలదో క్యూట్ అనే మరో ప్రసిద్ధ లైబ్రరీ చరిత్ర చూపిస్తుంది. సి++ లో ఉన్న క్యూట్ ఐదవ తరం డిసెంబర్ 2012లో వెలువడింది. ఒక స్వతంత్ర సంస్థ తయారుచేసే పైక్యూట్ బైండింగు 2013లోనే దానిని అందుకుంది గాని, పైసైడ్ అనే బైండింగు ఐదవ తరానికి అధికారికంగా విడుదల కావడానికి 2018 దాకా పట్టింది. పైసైడ్ క్యూట్ ప్రాజెక్టు సొంత పనిగా మారి, లైబ్రరీతో పాటు అదే కాలపట్టికలో నడవడం మొదలైన తరువాత పరిస్థితి మారిపోయింది: ఆరవ తరం క్యూట్ డిసెంబర్ 2020లో వస్తే, దాని పైథాన్ బైండింగు అదే నెలలో వచ్చింది. వెనుకవచ్చిన కొమ్ములు వాడి అన్న సామెతకు ఇక్కడ చోటు లేదు. వెనుక రావడం మానినందువల్లనే ఈ బైండింగు వాడి తేలింది.

మీమాంసను ఇంతదూరం వెంట తెచ్చుకున్నాక, అది రాలేని చోటును కూడా చెప్పడం ధర్మం. మీమాంసకుడికి విధి అపౌరుషేయం. ఎవరో చెప్పినందువల్ల అది కట్టివేయదు, తనకు తానే ప్రమాణం. విడుదల పట్టికను రాసేవారు మనుషులు. దానిని పాటించేవారిలో చాలామంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. పాటించకపోతే ప్రత్యవాయం, అంటే నిత్యకర్మ మానినందువల్ల కలిగే దోషం, ఇక్కడ లేదు. ఒక బైండింగును కాపాడే మనిషి ఉద్యోగం మారినా, ఆరోగ్యం చెడినా, ఇంట్లో బిడ్డ పుట్టినా, ఆ ఆరునెలలు వెర్షన్ రాకపోవచ్చు. అతడిని నిందించే అధికారం ఎవరికీ లేదు. అయినా ఇక్కడా ఒక కట్టు ఉంది, దాని పేరు సంకల్పం. కామ్యకర్మకు పూనుకోవడం ఐచ్ఛికమే గాని, పూనుకున్న తరువాత ముగించి తీరాలని, ఫలం మీద కోరిక నడుమ చల్లారినా సరే మానరాదని ఆరవ అధ్యాయం రెండవ పాదం నిర్ణయిస్తుంది. ఎవరూ బలవంతపెట్టకుండా తానే మొదలుపెట్టినది తనను తానే కట్టివేస్తుంది. ఫ్రీజ్ తేదీని బహిరంగంగా ప్రకటించడం అటువంటి సంకల్పం. ప్రకటించకపోతే తప్పు లేదు, ప్రకటించి దాటితే తప్పు ఉంది. బైండింగు భారాన్ని మోయలేకపోతున్నవారు ఆ సంగతి వేళకు చెప్పి, మరొకరికి అప్పగించడం కూడా ఈ సంకల్పంలో భాగమే. వడ్లు దొరకనప్పుడు నివ్వరి ధాన్యంతో కర్మ జరిపించే ప్రతినిధి న్యాయం ఆ శాస్త్రంలోనే ఉంది.

ఈ విచారణలో తెలుగువారికి నేరుగా సంబంధించిన పాలు ఒకటి ఉంది. గ్నోమ్ వంటి డెస్క్‌టాపును తెలుగులో వాడుకోగలగడం కొందరు స్వచ్ఛంద అనువాదకుల కృషి ఫలం, అనువాదం కూడా బైండింగు వంటి వికృతే. ప్రోగ్రామింగు భాషకు బదులు మనుషుల భాషలోకి జరిగే అతిదేశం అది. గ్నోమ్ కాలపట్టికలో దానికోసం స్ట్రింగ్ ఫ్రీజ్ అన్న ప్రత్యేకమైన మెట్టు ఉంది. ఆ రోజు దాటాక తెర మీద కనిపించే ఒక్క ఆంగ్లవాక్యాన్ని మార్చాలన్నా అనువాద సమన్వయ బృందం ఒప్పుకోవాలి. లైబ్రరీ రాసేవారికి అది ఒక కామా మార్పుగా, ఒక పదం సవరణగా తోచవచ్చు. కాని ఆ మార్పుతో అప్పటికే పూర్తయిన తెలుగు వాక్యం సరిచూడవలసిన వాటి జాబితాలోకి తిరిగి చేరుతుంది, ఎవరూ చూడకపోతే మెనూలో తెలుగు వరుస నడుమ ఒక ఆంగ్లవాక్యం తేలుతుంది. ఈనాడు హైదరాబాదులోనూ, విశాఖలోనూ, విదేశాలలోనూ లైబ్రరీలు రాసి లోకానికి ఇస్తున్న తెలుగు ప్రోగ్రామర్లు ఎందరో ఉన్నారు. వారు తమ విడుదల తేదీతో పాటు ఏపీఐ ఫ్రీజ్ తేదీని, స్ట్రింగ్ ఫ్రీజ్ తేదీని కూడా ప్రకటించాలి, ప్రకటించిన తరువాత వాటిని దాటకూడదు. సాయంత్రం ఉద్యోగం ముగించుకుని వచ్చి, రాత్రి ఒక గంట కూర్చుని తెలుగు వాక్యాలు రాసే అనువాదకుడికి దక్కేది ఆ ఫ్రీజ్‌కూ విడుదలకూ నడుమ ఉన్న కొద్ది వారాలే.